మాననంటున్న మనిషి ఇంట్లో ఉంటే: మందు, గంజాయి విషయంలో ఇంటివాళ్ళు చేయగలిగిన పనులు

“వాడికే మానాలని లేనప్పుడు మనమేం చేస్తామండీ” అనే మాట విజయవాడలో అయినా గుంటూరులో అయినా ఇలాంటి ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. భార్యలు అంటారు, తల్లులు అంటారు, కొన్నిచోట్ల వైద్యం చేసేవాళ్ళు కూడా “ముందు ఆయనకి మానాలని అనిపించాలమ్మా, అప్పుడు తీసుకురండి” అని పంపించేస్తారు. ఇందులో నిజం సగమే. మానాలన్న కోరిక ఒకరోజు దానంతట అది పుట్టుకొచ్చేది కాదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఏం మాట్లాడుతున్నారు, ఎప్పుడు మాట్లాడుతున్నారు, ఇంట్లో సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయి అన్నదాన్ని బట్టి అది పెరుగుతుంది, తరుగుతుంది.

సైకాలజీ పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. అమెరికాలోని న్యూ మెక్సికోలో విలియం మిల్లర్, రాబర్ట్ మేయర్స్, స్కాట్ టొనిగన్ చేసి 1999లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. తాగుడుకి చికిత్స అంటే ససేమిరా అన్నవాళ్ళ ఇళ్ళ నుంచి 130 మందిని తీసుకుని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకి “అతని తాగుడు మీ చేతిలో లేదు, ముందు మీ మనసు కుదుటపరచుకోండి” అనే దారి చూపించారు. రెండో గుంపుకి అయినవాళ్ళందరూ కలిసి మనిషిని కూర్చోబెట్టి నిలదీయడం నేర్పారు. మూడో గుంపుకి రోజూ మాట్లాడే తీరు, తాగని రోజున ఎలా ఉండాలి, తాగిన రోజున ఎలా తప్పుకోవాలి, చికిత్స మాట ఎప్పుడు ఎత్తాలి అన్నవి నేర్పారు. మొదటి గుంపు ఇళ్ళలో 13 శాతం మంది, రెండో గుంపులో 30 శాతం, మూడో గుంపులో 64 శాతం మంది చికిత్సకు వచ్చారు. మూడు గుంపుల్లోనూ శిక్షణ ఇంటివాళ్ళకే, తాగే మనిషికి కాదు. ఆ మూడో పద్ధతిని క్రాఫ్ట్ అంటారు. ఇతర మత్తు పదార్థాలు వాడేవాళ్ళ ఇళ్ళతో చేసినప్పుడూ ఫలితం దాదాపు ఇలాగే వచ్చింది. నేను సైకాలజీ చదువుకుని ఇక్కడి కుటుంబాలతో మాట్లాడే పనిలో ఉన్నాను, ఆ మూడో దారి మన ఇళ్ళల్లో ఎలా ఉంటుందో కింద రాస్తున్నాను.

ముందు ప్రాణం సంగతి

రోజూ క్వార్టరో హాఫో పడాల్సిన మనిషిని, పొద్దున లేవగానే చేతులు వణికి రెండు గుక్కలు తాగితేగానీ కుదుటపడని మనిషిని, ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలని చూడకండి. ఇది కచ్చితంగా చెబుతున్నాను. అలవాటుపడిన శరీరానికి మద్యం ఒక్కసారి ఆగిపోతే ఆరేడు గంటల నుంచే వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు మొదలవుతాయి, తొలి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి, రెండు మూడు రోజులయ్యాక ఇంకొందరికి మతి తప్పినట్టయి, లేని మనుషులు కనపడటం, ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని దులుపుకోవడం, తాను ఎక్కడున్నాడో తెలియకపోవడం జరుగుతుంది. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణం పోయే పరిస్థితి అది. మన ఊళ్ళల్లో దీన్ని చూసి గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్ళేవాళ్ళు ఇంకా ఉన్నారు. అలా పోయే ఒక్కో గంటా ప్రమాదమే. 108కి ఫోన్ చేసి గవర్నమెంట్ జనరల్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, వెళ్ళగానే “రోజూ ఇంత తాగేవాడు, ఫలానా టైముకి ఆపేశాడు” అని మొదటి మాటగా చెప్పండి.

ఇంకో జాగ్రత్త. నీరసంగా ఉన్నాడని దగ్గర్లో ఎవరో ఒకరి చేత సెలైన్ పెట్టించడం మనకి బాగా అలవాటు. ఏళ్ళ తరబడి తాగి సరిగ్గా తినని మనిషిలో విటమిన్ బి1 బాగా తగ్గిపోయి ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ మాత్రమే ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగలొచ్చు. అందుకే తాగుడు సంగతి దాచకండి, పరువు పోతుందని అస్సలు దాచకండి.

గంజాయి ఆపితే ఇలాంటి ప్రాణాపాయం సాధారణంగా ఉండదు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, తెల్లవార్లూ కలలు. ఒకటి రెండు రోజుల్లో మొదలై మొదటి వారంలో బాగా ఎక్కువై, రెండు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. కానీ గంజాయి వాడే పిల్లవాడు ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారనీ, ఫోన్‌లో తనని చూస్తున్నారనీ, చెవిలో మాటలు వినపడుతున్నాయనీ అంటుంటే, అది వయసు పొగరు కాదు, ఆ వారంలోనే సైకియాట్రిస్టుకి చూపించాలి. యూరప్‌లోని పలు నగరాలతో పాటు బ్రెజిల్‌లోనూ జరిపి 2019లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, రోజూ గంజాయి వాడేవాళ్ళలో సైకోసిస్ (ఇలా లేనివి వినపడే, లేనిది నిజమని నమ్మే మానసిక జబ్బు) వచ్చే అవకాశం ఎప్పుడూ వాడనివాళ్ళకంటే సుమారు మూడు రెట్లు ఉన్నట్టు తేలింది.

తాగొచ్చి కొట్టే మనిషైతే ఈ వ్యాసంలోని మిగతా సలహాలు పక్కన పెట్టి ముందు మీ, పిల్లల భద్రత చూసుకోండి. 112కి గానీ, మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయండి. పుట్టింటికో, నమ్మకమైనవాళ్ళ ఇంటికో వెళ్ళే దారి, చేతిలో కొంత డబ్బు, ఆధార్ కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి.

ఎంత తాగుతున్నాడో లెక్క తెలుసుకోండి

చాలా ఇళ్ళలో గొడవ “నువ్వు ఎక్కువ తాగుతున్నావు”, “నేనెక్కడ ఎక్కువ తాగుతున్నాను” దగ్గరే తిరుగుతుంటుంది. లెక్క ఉంటే ఆ గొడవ సగం తగ్గుతుంది. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ములో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే 30 మి.లీ. పోస్తే సుమారు 10 గ్రాముల ఆల్కహాల్, దాన్ని ఒక డ్రింకు అని లెక్కేస్తారు. ఆ లెక్కన క్వార్టర్, అంటే 180 మి.లీ., ఆరు డ్రింకులు. “బీరే కదా” అని తేలిగ్గా తీసుకునేవాళ్ళు ఇది కూడా చూడండి, 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసా ఒకటి నాలుగు డ్రింకులు. రెండు బీర్లు తాగినవాడు క్వార్టర్ కంటే ఎక్కువే తాగినట్టు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఉంది. ఎన్నాళ్ళకోసారి, ఒక్కోసారి ఎంత, మొదలుపెట్టాక ఆపలేకపోయారా, పొద్దున్నే తాగాల్సి వచ్చిందా, రాత్రి జరిగింది గుర్తులేకుండా పోయిందా, ఇంట్లోవాళ్ళు తగ్గించమన్నారా, ఇలాంటి ప్రశ్నలు. మొత్తం 40 మార్కులు, 8 గానీ ఆపైన గానీ వస్తే హాని వైపు వెళుతున్నట్టు, 20 గానీ ఆపైన గానీ వస్తే బానిసైనట్టు అనుమానించి డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సినట్టు. గంజాయికి ఇలాంటిదే ఎనిమిది ప్రశ్నలది కుడిట్-ఆర్ అని ఉంది, గత ఆరు నెలల సంగతి అడుగుతుంది. అందులో 8కి హెచ్చరిక, 12 నుంచి వ్యసనం అనుమానం. వీటిని అతని ముఖం మీదకి విసరకండి. అతను మామూలుగా ఉన్న రోజున “నేను కాఫీ, ఫోన్ అలవాట్లు రాసుకుంటున్నాను, మీరూ ఇది ఒకసారి నింపండి” అన్నట్టుగా, చేతికిచ్చి పక్కకి వెళ్ళిపోండి. తన చేత్తో తానే వేసుకున్న మార్కులు మనం చెప్పే మాటకంటే గట్టిగా తగులుతాయి.

రోడ్డు మీద పడిపోయేవాడే తాగుబోతు, మావాడు ఉద్యోగం చేసుకుంటున్నాడు కదా అన్న లెక్క కూడా మార్చుకోవాలి. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు కేంద్ర ప్రభుత్వం కోసం చేసి 2019లో ఇచ్చిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతుంటే, అందులో 5.7 కోట్ల మందికి ఆ తాగుడు వల్ల సాయం అవసరమయ్యే స్థితి ఉంది, వాళ్ళలో పూర్తిగా బానిసైనవాళ్ళు సగం మందే. మిగతా సగం మంది పూర్తిగా బానిస కాకపోయినా సాయం అవసరమైనవాళ్ళే. గంజాయి, భంగు వగైరాల విషయంలో సాయం కావాల్సినవాళ్ళు 72 లక్షల మంది.

ఎందుకు తాగుతున్నాడో పట్టుకోవడం

నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, ఇళ్ళల్లో ఎవరూ చేయనిదీ ఇదే. లిన్ కూపర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1994లో తాగడానికి ఉండే కారణాల్ని నాలుగుగా విడదీసింది. సరదా ఎక్కించుకోవడానికి, నలుగురితో కలవడానికి, తాగకపోతే నలుగురూ ఏమనుకుంటారో అని, ఇక చివరిది మనసులో బాధనో టెన్షన్‌నో అణచుకోవడానికి. తాగిన మోతాదు ఒకటే అయినా ఈ చివరి కారణంతో తాగేవాళ్ళకే ఇబ్బందులు ఎక్కువ అని ఆ తర్వాత వచ్చిన అధ్యయనాల్లో పదే పదే కనిపించింది. గంజాయిలోనూ అంతే, దానికి “ఆలోచనలు విచ్చుకుంటాయి” అన్న ఐదో కారణం ఒకటి 1998లో కలిపారు గానీ, చిక్కుల్లో పడేసేది మాత్రం బాధకోసం పీల్చడమే.

కాబట్టి ఒక నెల రోజులు గొడవ పడకుండా కనిపెట్టండి. గోడ క్యాలెండర్ కాకుండా మీ దగ్గరే ఉండే చిన్న పుస్తకంలో ఏ రోజు తాగాడు, సుమారు ఎంత, ఎవరితో, దానికి ముందు ఏం జరిగింది, తాగాక అతనికి ఏం దొరికింది అని రాయండి. చివరి ప్రశ్న కష్టంగా ఉంటుంది, తాగితే మంచేం దొరుకుతుంది అని కోపం కూడా వస్తుంది. కానీ ఏదో ఒకటి దొరక్కుండా ఎవరూ తాగరు. మిర్చి యార్డులో పొద్దున్నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసి, కళ్ళూ గొంతూ మండి, నడుము పట్టేసిన మనిషికి ఒళ్ళు నొప్పి తెలియకుండా నిద్ర పట్టడం దొరుకుతుంది. ఆటోనగర్‌లో వారం కూలి చేతికొచ్చిన సాయంత్రం గ్యారేజీ కుర్రాళ్ళతో కూర్చుంటే అక్కడ అతన్ని “అన్నా” అని గౌరవంగా పిలిచేవాళ్ళు దొరుకుతారు, ఇంట్లో ఆ గౌరవం పోయి చాలా కాలమై ఉంటుంది. తాడేపల్లి, మంగళగిరి వైపు రూములు తీసుకుని చదివే ఇంజినీరింగ్ పిల్లల్లో గంజాయి మొదట ఫ్రెండ్స్ సర్కిల్ కోసం మొదలై, బ్యాక్‌లాగులు పడ్డాక నిద్ర కోసం, ఇంటి నుంచి వచ్చే ఫోన్‌కి జవాబు చెప్పాలన్న భయం మరచిపోవడం కోసం మిగిలిపోతుంది. ఈ ముగ్గురికీ “మానెయ్” అన్న ఒకే మాట చెబితే ఉపయోగం లేదు. మొదటివాడికి నడుము నొప్పికి వైద్యం కావాలి, రెండోవాడికి ఆ సాయంత్రానికి వేరే చోటు కావాలి, మూడోవాడికి తల్లిదండ్రులు సబ్జెక్టులు పోయిన సంగతి తిట్టకుండా వినడం కావాలి.

నిద్ర విషయం కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే గంజాయి మానలేకపోతున్న పిల్లల్లో చాలామంది “అది లేకపోతే నిద్ర రాదు” అంటారు, వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఆపిన మొదటి వారం నిద్ర పట్టకపోవడం ఆ అలవాటు వదులుతున్న లక్షణమే. రెండు రోజులు నిద్ర లేక మళ్ళీ పీలిస్తే హాయిగా పట్టేస్తుంది, దాంతో గంజాయే మందు అన్న నమ్మకం ఇంకా బిగుసుకుంటుంది. ఈ సంగతి ముందే చెప్పి, పరీక్షలు లేని రెండు వారాలు ఎంచుకుని, ఆ రోజుల్లో పగలు పడుకోకుండా, సాయంత్రం కాఫీ టీలు తగ్గించి, రాత్రి పక్కన ఒకరుండేలా చూస్తే ఆ గండం దాటించవచ్చు.

పెళ్ళి చేస్తే మారతాడు అనుకునే పెద్దవాళ్ళకి ఒక మాట. ఏ కారణంతో తాగుతున్నాడో ఆ కారణం పెళ్ళితో పోదు, ఇంకో అమ్మాయి జీవితం అందులోకి వచ్చి పడుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

మాట ఎత్తే టైము, ఎత్తే తీరు

తాగి ఉన్నప్పుడు మాట్లాడకండి. తాగడానికి బయల్దేరుతున్నప్పుడూ మాట్లాడకండి. తలనొప్పితో, చేసింది గుర్తొచ్చి లోపల సిగ్గుపడుతూ కూర్చున్న మర్నాటి పొద్దున కాస్త టిఫిన్ తిన్నాక, లేదా తాగని రోజు సాయంత్రం, పిల్లలు పక్కన లేనప్పుడు మాట్లాడండి.

1993లో మిల్లర్ బృందం ఇంకో సంగతి చూపించింది. కౌన్సెలింగ్ చేసేవాడు ఎంత గట్టిగా నిలదీస్తే, తాగే మనిషి ఏడాది తర్వాత అంత ఎక్కువ తాగుతున్నాడు. మన ఇళ్ళల్లో మేనమామల్ని, బావల్ని, వీధి పెద్దని పిలిచి హాల్లో కూర్చోబెట్టి అందరి ముందూ దులిపెయ్యడం ఉంది కదా, మనిషి ఆ రోజుకి తల దించుకుని “సరే” అంటాడు, మర్నాడు ఆ అవమానం మరచిపోవడానికే తాగుతాడు. మొదట చెప్పిన 1999 అధ్యయనంలో కూడా రెండో గుంపులో చాలామంది ఆ నిలదీసే రోజు దాకా వెళ్ళనేలేకపోయారు.

“మీకు సిగ్గుందా, పిల్లల మొహం చూసైనా” అని మొదలుపెట్టే మాటకి బదులు, భార్య అయితే ఇలా అనొచ్చు: “ఏవండీ, మొన్న మంగళవారం మీరు తొందరగా వచ్చి బాబు చేత లెక్కలు చేయించారు. నాకు ఎంత హాయిగా ఉందో. రాత్రుళ్ళు మీరు రాకపోతే నాకు భయమేస్తుంది, నిద్ర పట్టదు. ఈ విషయంలో మనం ఒకసారి డాక్టర్ని అడుగుదామా, నేనూ వస్తాను.” తల్లి కొడుకుతో అయితే: “నాన్నా, నువ్వు నిద్ర పట్టక ఇబ్బంది పడుతున్నావని నాకు తెలుసు. నేను తిట్టను, నాన్నగారికి కూడా నేను చెప్పుకుంటాను. అసలేం జరుగుతోందో చెప్పు.” మాట చిన్నగా ఉండాలి, “నేను” తో మొదలవ్వాలి, ఫలానా రోజు జరిగిన ఫలానా సంగతి ఉండాలి, చివర మీరేం సాయం చేస్తారో ఉండాలి. “ఎప్పుడూ”, “ఎన్నిసార్లు చెప్పినా” అనే మాటలు తీసేయండి.

ఇంకా ముఖ్యమైనది వినడం. అతనే ఎప్పుడో “ఈ మధ్య పొట్టలో మంటగా ఉంటోంది” అనో, “డబ్బులు ఎటుపోతున్నాయో తెలియడం లేదు” అనో అంటాడు. ఆ క్షణంలో మన నోట్లోంచి వచ్చేది “నేను చెబుతూనే ఉన్నానుగా!”. ఆ మాట మింగేసి “ఎప్పటినుంచి అలా ఉంది?” అని అడగండి, అతన్నే ఇంకో రెండు మాటలు చెప్పనివ్వండి. మానడానికి కారణాలు మన నోటి నుంచి వస్తే అతను ఎదురు వాదిస్తాడు, అతని నోటి నుంచే వస్తే వాటికి కట్టుబడతాడు. మిల్లర్ 1983లో మొదలుపెట్టిన కౌన్సెలింగ్ పద్ధతి మొత్తం ఈ ఒక్క గమనింపు మీద నిలబడింది.

తాగని సాయంత్రానికి విలువ ఇవ్వడం

చాలా ఇళ్ళలో జరిగేది తలకిందులుగా ఉంటుంది. తాగొచ్చిన రాత్రి ఇల్లంతా అతని చుట్టూ తిరుగుతుంది, ఎదురుచూడటం, తలుపు తీయడం, ఏడవడం, బతిమాలి అన్నం పెట్టడం. తాగని రోజున మాత్రం పాత లెక్కలన్నీ బయటికి తీసి దెప్పుతాం. మార్చాల్సింది ఇక్కడే. తాగకుండా వచ్చిన రోజున ఇష్టమైన కూర, పిల్లలతో ఆట, ఇద్దరూ కలిసి కాసేపు బ్యారేజీ వైపు నడక, ఏదో ఒకటి ఉండాలి, ఆ రోజున పాత గొడవ ఒక్కటి కూడా ఎత్తకూడదు. తాగి వచ్చిన రోజున తిట్టొద్దు, మౌన యుద్ధమూ వద్దు, “ఇప్పుడు నేను పడుకుంటున్నాను, రేపు మాట్లాడుకుందాం” అని అన్నం మూతపెట్టి లోపలికి వెళ్ళిపోండి. స్పృహ తప్పేలా ఉంటే మాత్రం ఒంటరిగా వదలకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, లేపితే లేవకపోయినా ఊపిరి నెమ్మదించినా 108కి ఫోన్ చేయండి. బండి తాళాలు దాచేయడం తప్పు కాదు.

తాగుడు వల్ల వచ్చే చిన్న చిన్న నష్టాలు అతని దాకా వెళ్ళనివ్వండి. పనికి వెళ్ళకపోతే ఓనరుకి ఫోన్ చేసి “జ్వరం వచ్చిందండీ” అని మీరు అబద్ధం చెప్పకండి. వైన్ షాపు పక్క బడ్డీలో చేసిన బాకీ మీరు తీర్చకండి. ఇది పగ తీర్చుకోవడానికి కాదు. మనం కప్పిపుచ్చినంత కాలం దాని బరువు ఎంతో అతనికి తెలియదు.

మాల వేసుకున్న 41 రోజులు

మన విజయవాడలో దీనికి కళ్ళముందు కనిపించే ఉదాహరణ ఉంది. ఏడాదంతా తాగే మనిషి భవానీ మాలో అయ్యప్ప మాలో వేసుకోగానే 41 రోజులు చుక్క ముట్టడు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, రెండు పూటలా పూజ, నేల మీద పడక, చుట్టూ తనలాంటివాళ్ళే. నిన్నటిదాకా గ్లాసు చేతికిచ్చిన స్నేహితుడే “స్వామీ” అని దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంటాడు. ఇంట్లో గౌరవం, పిల్లలు కాళ్ళకి మొక్కడం. దీన్ని నేను నిండు గౌరవంతో చూస్తాను. సైకాలజీలో జార్జ్ హంట్, నేథన్ అజ్రిన్ అనేవాళ్ళు 1973లో తాగుడుకి ఒక చికిత్స తయారు చేశారు, దాని సారం ఏమిటంటే తాగకుండా ఉండే బతుకు తాగే బతుకు కంటే అతనికి ఎక్కువ ఇచ్చేలా ఇల్లు, పని, స్నేహాలు అన్నిటినీ సర్దడం. మాల చేసేది కూడా అదే.

చిక్కు 42వ రోజున వస్తుంది. ఇంద్రకీలాద్రి మీద మాల తీసి ఇంటికొచ్చే దారిలోనే మొదలుపెట్టేవాళ్ళున్నారు, ఎందుకంటే మాలతో పాటు ఆ పద్ధతి, ఆ గుంపు, ఆ గౌరవం అన్నీ ఒక్కసారే పోతాయి. అందుకని దీక్ష 30వ రోజు దాటుతుండగానే కూర్చుని మాట్లాడుకోండి. తెల్లవారుజామున లేవడం ఉంచుదామా, గురుస్వామితో వారానికోసారి భజనకి వెళ్ళడం ఉంచుదామా, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎక్కడుంటారు, మాల తీసిన మొదటి శనివారం ఏం చేద్దాం. మాల తీశాక కూడా ఇంట్లో ఆ గౌరవం తగ్గించకండి. ఇంకొకటి, రోజూ పొద్దున చేతులు వణికే మనిషి మాల వేసుకోవాలనుకుంటే నాలుగు రోజులు ముందు డాక్టర్ని కలిసి మందులు రాయించుకుని వేసుకోవాలి, లేకపోతే పైన చెప్పిన ఫిట్స్ దీక్షలోనే రావచ్చు.

ఒట్టు వేయించుకోకండి

పిల్లల తల మీద ఒట్టు, అమ్మవారి మీద ఒట్టు, మనం చాలా తేలిగ్గా వేయించేస్తాం. అలన్ మార్లట్ అనే సైకాలజిస్టు మానేసినవాళ్ళు మళ్ళీ ఎలా మొదలుపెడతారో ఏళ్ళ తరబడి గమనించి చెప్పింది ఏమిటంటే, ఒకసారి జారిన మనిషిని పూర్తిగా పడేసేది ఆ ఒక్క గ్లాసు కంటే ఎక్కువగా, “ఇంక అయిపోయింది, నేనింతే” అన్న అపరాధ భావం. ఒట్టు దాన్ని పదింతలు చేస్తుంది. బిడ్డ మీద ఒట్టు తప్పానన్న బాధలో మనిషి ఆ రాత్రి ఆపడు, వారం రోజులు ఆపడు.

దానికి బదులు జారితే ఏం చేయాలో ముందే అనుకోండి. “ఒకవేళ తాగితే, ఎంత రాత్రయినా ఇంటికి ఫోన్ చేస్తాను, మర్నాడు డాక్టర్‌కి చెబుతాను.” అలాగే ప్రమాదం వచ్చే ఒక్కో చోటికి ఒక్కో జవాబు సిద్ధం చేసుకోవాలి. పీటర్ గోల్‌విట్జర్ అనే ఆయన 1999లో రాసిన వ్యాసం తర్వాత ఈ “ఇలా జరిగితే ఇలా చేస్తాను” అనే పద్ధతి మీద బోలెడు పరీక్షలు జరిగాయి, ఊరికే “ఈసారి గట్టిగా ఉంటాను” అనుకోవడం కంటే ఇది మెరుగ్గా పనిచేస్తుంది. పెళ్ళిలో ఎవరైనా గ్లాసు చేతికిస్తే “డాక్టర్ మందులిచ్చాడు బావా” అని చెప్పి భోజనాల పంక్తిలోకి వెళ్ళిపోతాను. రూమ్మేట్ జాయింట్ చుట్టడం మొదలుపెడితే చెప్పులేసుకుని కిందకి టీకి వెళతాను. తాగాలన్న యావ చాలామందిలో అరగంటలోపే తగ్గుముఖం పడుతుంది, ఆ అరగంట ఎక్కడ గడపాలో తెలిసుండాలి, అంతే.

“సరే, వస్తాను” అన్న రోజు కోసం

ఆ మాట ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక ఎక్కువసేపు ఉండదు. ఆరోజు నంబర్లు వెతుక్కుంటూ కూర్చోకూడదు. విజయవాడ, గుంటూరు రెండు చోట్లా ప్రభుత్వ జనరల్ హాస్పిటళ్ళలో సైకియాట్రీ విభాగం ఉంది, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఉంది. మీకు ఏది దగ్గరో అక్కడ ఓపీ ఏ రోజుల్లో, ఏ టైముకి అన్నది ముందే కనుక్కుని రాసి పెట్టుకోండి. మద్యం యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి, డాక్టర్ లివర్ పరీక్షలు చూసి నిర్ణయిస్తారు. గంజాయికి ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు, అక్కడ కౌన్సెలింగే అసలు చికిత్స.

“తాగితే వాంతులయ్యే మాత్ర” డైసల్ఫిరామ్‌ని అతనికి తెలియకుండా కూరలోనో మజ్జిగలోనో కలిపేవాళ్ళున్నారు. చేయకండి. అది తెలియక అతను తాగితే బీపీ పడిపోయి, గుండె మీద భారం పడి మనిషే పోవచ్చు. పేరు లేని పొడులు, పసర్లు కూడా అంతే.

ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్ అయితే మూడు సంగతులు చూడండి: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కింద రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్ట్ నిజంగా వచ్చి చూస్తాడా, మీరు ఎప్పుడైనా వెళ్ళి కలిసి మాట్లాడనిస్తారా. “మూడు నెలలు మీరు రాకూడదు, ఫోన్ ఉండదు” అంటే అక్కడ చేర్చకండి. కొట్టి మాన్పించడం చికిత్స కాదు.

గంజాయి విషయంలో తల్లిదండ్రులకి పోలీసు భయం ఎక్కువ. మత్తు పదార్థాల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. వ్యసనపరుడు వాడకం కేసులో గానీ, చిన్న మోతాదు కేసులో గానీ ఉన్నా, తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స తీసుకుంటే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది, చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కేసు ఇప్పటికే ఉంటే లాయర్‌తో ఈ సెక్షన్ గురించి అడగండి.

పెద్ద డాక్టర్ దొరికితేనే పని జరుగుతుందనుకోనక్కర్లేదు. గోవాలో హానికరంగా తాగుతున్న 377 మంది మగవాళ్ళతో చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో, డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి మహా అయితే నాలుగు విడతలు మాట్లాడించారు. మూడు నెలల తర్వాత చూస్తే, అంతకుముందు రెండు వారాల్లో అసలు తాగనివాళ్ళు ఆ కౌన్సెలింగ్ పొందినవాళ్ళలో 42 శాతం, పొందనివాళ్ళలో 18 శాతం.

అతను ఇంకా “సరే” అనలేదా? మీరొక్కరే ఫోన్ చేయండి. జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, రెండూ టోల్ ఫ్రీ, టెలీ మానస్‌లో రాత్రీ పగలూ ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు, ఇంటివాళ్ళు కూడా మాట్లాడొచ్చు. ఫోన్ చేసేముందు ఆ చిన్న పుస్తకం పక్కన పెట్టుకోండి: రోజుకి ఎంత, ఎన్నేళ్ళ నుంచి, పొద్దున వణుకు ఉందా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, ఇంకేమైనా మందులు వాడుతున్నాడా. వాళ్ళు మొదట అడిగేవి ఇలాంటివే.